అడుగకుండ చేసిన మేలు

ఒకరికి మేలు చేయబోవునప్పుడు వారిని అడుగవలెనా? నీళ్లలో మునుగుచున్నవానిని ఎవరును అడుగరు. చెయ్యి పట్టి లాగుదురు. మునుగనివాని సంగతి యేమి? ఈ ప్రశ్న మన తెలుగునేలమీదనే, మన బిడ్డలవంటి బాలికల విషయములో పుట్టినది.

గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరు మన దేశపు స్త్రీలను బాధించు క్యాన్సర్లలో రెండవది. దానికి ఒక వైరస్ కారణమని కనుగొన్న జర్మనీ వైద్యుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించెను. ఆ వైరస్‌ను అడ్డగించు టీకాను చిన్నవయస్సుననే వేయింపవలెను. టీకా మంచిదే. మా మాట పట్టుకొని ఎవరును దానిని మానకూడదని ముందే చెప్పుచున్నాము.

2009లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పాత్ అను అమెరికా సంస్థయు భారత వైద్య పరిశోధనా మండలియు రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి, 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు ఈ టీకా వేయించి పరిశోధన జరిపిరి. వారిలో అనేకులు గిరిజనుల పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకొనువారు. తరువాత కొందరు బాలికలు మరణించిరి. ఇదే పని జరిగిన గుజరాతుతో కలిపి ఏడుగురు. 2010 ఏప్రిల్‌లో పరిశోధన నిలిచిపోయెను. మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. పాముకాటు, పురుగుమందు, మలేరియావంటివి కనబడెను. గాని సమ్మతి పత్రములు తీసి చూడగా, రెండువేలకు పైబడిన వాటిమీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్ల సంతకములుండెను!

"చదువురానివారికి ఏమి చెప్పిన ఏమి తెలియును?" అని కొందరందురు. మిరప విత్తనము కొనునప్పుడు పది ప్రశ్నలు వేయు తల్లికి, తన కూతురి దేహములోనికి ఎక్కించుదానిని గూర్చి అడుగ తెలియదా? వార్డెను పిల్లకు అన్నము పెట్టును, చదువు చూచును. అంతమాత్రమున తండ్రి కాడు. అయితే వార్డెన్లను నిందించుట మా తలంపు కాదు. పైనుండి వచ్చిన కాగితమునకు ఎదురు చెప్పుట చిన్న ఉద్యోగికి ఎంత కష్టమో మనమెరుగుదుము.

బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిదేండ్లుగా పడియున్న రోగిని తలంచుకొనుడి. అతనికేమి కావలెనో చూచువారందరికి తెలియును; ప్రభువునకు మరింత తెలియును. అయినను, బాగుపడుట నీకిష్టమా అని ప్రభువు ముందుగా అడిగెను. అతని జవాబు తిన్నగా ఉండలేదు, తన కష్టములే చెప్పుకొనెను. ప్రభువు విసుగుకొనలేదు. నజరేతు కన్య సంగతియు అంతే. దూత వార్త చెప్పెను; ఆమె ప్రశ్న వేసెను; ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే ఆమె ఒప్పుకొనెను. ఒక పేద పల్లెపిల్లను పరలోకమే అడిగినది!

అడుగకపోవుటవలన చెడినది మర్యాద ఒక్కటే కాదు. ముందు ఏమియు చెప్పనివారు, బిడ్డ పోయిన తరువాత "ఇది టీకావలన కాదు" అనిన, ఏ తల్లి నమ్మును? ఆ మాట నిజమే కావచ్చును, అయినను నమ్మదు. ఆ అనుమానము టీకామీదికి పాకెను, అనేక ఏండ్లు పోలేదు.

మన సంఘములలోని యౌవనస్థులకు ఒక మనవి. ఆసుపత్రిలోగాని బడిలోగాని పెద్దలను వేలిముద్ర అడిగినప్పుడు మీరు తోడు వెళ్లుడి. కాగితమును బిగ్గరగా చదివి వినిపించుడి. ఇది చికిత్సయా, పరిశోధనయా అని అడుగుడి. వద్దనిన వైద్యము ఆగునా అనియు అడుగుడి. డాక్టరుగారు తొందరపడినను, మీ అమ్మమ్మ మరియొకసారి చెప్పుమనిన, మరియొకసారి చదువుడి.