తీపిని నమ్మకు అల్లుడూ

ఇలా రా, ఈ అరుగు మీద కూర్చో. బస్సు రాత్రికి కదా, ఇప్పటినుంచే కాలు నిలవడం లేదేంట్రా నీకు. కొత్త ఉద్యోగం, హైదరాబాదు, ఆఫీసు పార్టీ, అన్నీ బాగానే ఉన్నాయి. "మొదటిసారి కాక్‌టెయిల్ తాగాలంటే ఏది మంచిది మావయ్యా" అని చెవిలో అడిగావు చూడు, అదీ బాగానే ఉంది. మీ అమ్మనడిగితే చీపురు తిరగేసేది. నన్నడిగావు గనక చెబుతాను. నీకు నచ్చేట్టు మాత్రం చెప్పను.

నీకు 21 నిండాయి, నాకు తెలుసులే. నిండకపోతే ఇక్కడైనా తెలంగాణలోనైనా నీకు అమ్మడమే నేరం, మనకీ మాటలే ఉండేవి కావు. నిండాయి కదా అని తాగి తీరాలనీ ఎక్కడా రాసి లేదు. నిమ్మసోడా పట్టుకుని రాత్రంతా నిలబడ్డా ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. నీ గ్లాసులో ఏముందో పక్కవాడికి తెలియను కూడా తెలియదు.

అయినా తాగుతానంటావా? అయితే తీపిని నమ్మకు. ఎటు తిప్పి చెప్పినా చివరికి ఇక్కడికే వస్తాను, విసుక్కోకు.

ఆ రంగురంగుల గ్లాసులున్నాయే, మందు రుచిని దాచడమే వాటి పని. మోజిటో అంటారు. పుదీనా, నిమ్మరసం, పంచదార, సోడా, వాటి చాటున తెల్ల రమ్ము. రమ్ము లేనిది బెజవాడ జ్యూసు కొట్లలో ఎండాకాలం గటగటా తాగేస్తుంటావు కదా. నాలుకకి ఆ అలవాటుంది, రమ్మున్నదాన్నీ అలాగే లాగించేస్తుంది. లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ అని ఇంకోటి. టీ అన్నారని మోసపోకు, అందులో టీయాకు ఉండదు. వోడ్కా, జిన్ను, రమ్ము, టెకీలా, నారింజ లిక్యూరు, ఐదూ కలిపి రంగు కోసం కాస్త కోలా పోస్తారు. ఒక్కోటి 15 మిల్లీలీటర్లే పోశాడనుకో, 75 అయింది. పెద్ద పెగ్గు దాటిపోయింది. నువ్వేమో ఇంకా టీ తాగుతున్నాననే అనుకుంటుంటావు.

పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు, చిన్నది 30. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, చూసుకో. లెక్క కడితే పెద్ద పెగ్గులో ఇంచుమించు 20 గ్రాముల ఆల్కహాలు. కాలేయం గంటకి ఏడెనిమిది గ్రాములు కరిగిస్తే గొప్ప. ఒక్క పెగ్గుకే రెండున్నర గంటలన్నమాట. చన్నీళ్ళ స్నానం, కాఫీ, మజ్జిగ, ఏదీ దాన్ని తొందరపెట్టలేదు.

అందుకని మొదటిసారి గొప్ప పేరున్న గ్లాసు వద్దు. 30 నీ కళ్ళెదుట కొలిచి పోయించుకో, మిగతాదంతా సోడా, ఒక నిమ్మచెక్క, గ్లాసు నిండా ఐసు. ఏం బాగోదు. బాగోదు గనకే నెమ్మదిగా తాగుతావు. అక్కడితో చాలు, రెండోది వద్దు. కడుపునిండా పెరుగన్నం తిని వెళ్ళు, బల్ల మీద పల్లీలు భోజనం కిందికి రావు. గ్లాసు వదిలి డాన్సుకి వెళితే తిరిగొచ్చి దాన్ని ముట్టుకోకు. నిద్రమాత్ర వేసుకున్న రోజు అసలు ఆ వైపే పోకు. 21 నిండాక మీ చెల్లెలు అడిగినా ఇదే చెబుతాను.

మీ అమ్మ చీపురు కూడా ఊరికే తిరగేయదురా. పొద్దున్నే వాకిట్లో పడున్న సారా ప్యాకెట్లు ఊడ్చి, ఆ చోటే ముగ్గేసిన పిల్ల అది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు, 1993 అక్టోబరుకల్లా సారా పోయింది. 1995లో మొత్తం మద్యమే ఆపారు, 1997లో మళ్ళీ వదిలారు. మీ అమ్మ మాత్రం వదల్లేదు.

నాకివన్నీ ఎలా తెలుసంటావా? నీ వయసులో ఒక పొద్దున మన ఊరి ఖిల్లా కింద తాళ్ళ దగ్గరికి పోయాను. అప్పుడే దించిన కల్లు, తియ్యగా ఉంది. లొట్టికి సున్నం పూస్తే పులవదు, దాన్ని నీరా అంటారు. ఇది సున్నం లేని లొట్టి. "ఎండెక్కేకొద్దీ పులుస్తుంది, నిదానం బాబూ" అని గీసేవాడు చెబుతూనే ఉన్నాడు. తీపే కదా అని సాయంత్రం దాకా దొప్ప మీద దొప్ప పట్టాను.

మర్నాడు అంబారీ ఏనుగు బొమ్మ చేతికొచ్చింది. మన బొమ్మల పని నీకు తెలియందా, పొణికి కర్రలో చెమ్మంతా సెగ మీద పోవాలి, చెక్కాలి, చింతగింజల మక్కుతో అతకాలి, సున్నం పూత ఆరాలి, అప్పుడు రంగు. అన్నిటికంటే చివర కన్ను. సన్న కుంచె కొసతో, ఊపిరి బిగబట్టి, ఒక్క చుక్క. ఏనుగు కళ్ళు ఎలాగో పెట్టాను. మావటివాడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి నా మాట వినలేదు.

నాన్న తిట్టలేదు. నా చేతిలో కుంచె తీసుకుని నీళ్ళ డబ్బాలో పెట్టి, "పోయి పడుకో" అన్నాడు. ఎనిమిది రోజులు మళ్ళీ చేతికివ్వలేదు. తిట్టినా బాగుండేది.

ఇంకొక్కటి, ఇది మాత్రం వినాలి. గ్లాసు ఎంచుకునే ముందు ఇంటికెలా పోతావో ఎంచుకో. బండి తాళం రూములో పెట్టి వెళ్ళు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే ఆరు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, లేదంటే రెండూనో. జరిమానా కడతావులే. ఇబ్రహీంపట్నం రింగు దగ్గర బూడిద లారీల మధ్య రాత్రిపూట బండెలా పోతుందో చూశావుగా, హైదరాబాదులో లారీలేం మెత్తగా ఉండవు. ఆటోకి డబ్బుల్లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, రాత్రి రెండైనా సరే. మీ అమ్మకి చెప్పను.

లోపలికెళ్ళి ఆ అల్మరా పై అరలో చూసిరా. ఆ ఏనుగుని నాన్న అమ్మనివ్వలేదు. ఏనుగు తిన్నగానే పోతుంటుంది, మావటివాడే పక్కకి చూస్తుంటాడు.