చుట్టకు నిప్పు

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని మన పెద్దల సామెత. చిన్నప్పుడు విని నవ్వుకున్నాను. ఒక రాత్రి అల్ మవాలేలో మా వీధి చివరి భవనం నుంచి పొగ లేచినప్పుడు, ఆ చుట్ట కాల్చేవాడు ఎవరో నాకు తెలిసివచ్చింది.

మా ఆవిడ లేపితే కిందికి దిగాను. అప్పటికే నలభై యాభైమంది గుమిగూడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. నా చేతిలోదీ అంతే. 9999కు ఎవరైనా చేశారా అని ఒకాయన అడిగితే, ఎవరో చేసే ఉంటారని పదిమంది బదులిచ్చారు. తీరా చేసింది ఆ భవనం హారిస్ ఒక్కడే. అగ్నిమాపక దళంవారు మమ్మల్ని పక్కకు తప్పించి ముందుగా అడిగింది ఒకే ప్రశ్న: లోపల ఎంతమంది ఉన్నారు?

ఎవరికీ తెలియదు. నాలుగేళ్లుగా ఆ భవనం ముందునుంచే ఆస్పత్రికి పోతున్నాను. అక్కడ నిలిచే కార్ల రంగులు చెప్పగలను గాని మనుషుల లెక్క చెప్పలేను. జవాబిచ్చినవాడు ఆ హారిసే, బంగ్లాదేశ్ కుర్రవాడు. మూడో అంతస్తులో ఒక ముసలమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారన్నాడు. వాళ్లను క్షేమంగా దింపారు.

అయితే చూస్తూ నిలబడడం తప్పేనా? శిక్షణ లేనివాడు లోపలికి దూకితే, రక్షించవలసినవారు మరొకరు పెరగడం తప్ప ప్రయోజనం లేదు. మంటకన్నా ముందు పొగ చంపుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్నా రెండువందల రెట్లు మించిన బలంతో పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడు మేలుకోకుండానే పోవచ్చు. కాబట్టి ఆ క్షణంలో దూరంగా నిలబడడం పిరికితనం కాదు. మా తప్పు ఆ రాత్రిది కాదు, దానికి ముందు గడచిన నాలుగేళ్లది.

మన పల్లెల్లో పాక అంటుకుంటే ఊరంతా బిందెలతో పరుగెత్తేది. అది దయ ఒక్కటే కాదు. గాలి తిరిగితే తమ పాకా పోతుందన్న భయం కూడా. ఈ సిమెంటు భవనాల్లో ఆ భయం పోయింది. పొరుగువాడి నిప్పు మనదాకా రాదనుకుంటాం. స్వార్థం తప్పుకున్నాక ఇరుగుపొరుగుతనానికి ధర్మం ఒక్కటే ఆధారం. అది మనలో ఎంత ఉందో ఇప్పుడు తేలుతుంది.

ఇది మన ఊరు కాదు, మనకెందుకు అనేవారున్నారు. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం అంటుకుంది. అందులో 190 మందికి పైగా ఉండేవారు. చనిపోయినవారు సుమారు 50 మంది, అత్యధికులు భారతీయులు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు. ఎక్కువమందిని చంపింది పొగే. డాబా తలుపుకు తాళం ఉండడంతో పైకి పోలేకపోయారని అధికారులు చెప్పారు. మనం కన్నీరు పెట్టుకున్నాం, న్యాయమే. కాని అంతకు రెండేళ్ల ముందు, 2022 మార్చి 23న, మన సికింద్రాబాద్ భోయిగూడలో పాతసామాన్ల గోదాములో నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు కాలిపోయారు. ఒక్కడు దూకి బయటపడ్డాడు. ఆ గోదాము మీదుగా రోజూ నడిచిన మనవాళ్లలో ఎందరికి తెలుసు, పైన మనుషులు పడుకుంటారని? ఇక్కడ మనం ఎవరమో, అక్కడ వాళ్లూ వాళ్లే. పరాయితనం దేశాన్ని బట్టి కాదు, లెక్కలోకి తీసుకోకపోవడాన్ని బట్టి వస్తుంది.

మన సంఘం దగ్గర ఉగాది పిలుపులకోసం సభ్యుల జాబితా ఉంది. దాని పక్కన ప్రతి ఇంటివారూ మరొక చిన్న కాగితం రాసుకోవాలని నా మనవి. మన అంతస్తులో ఎవరున్నారు, వారు ఏ భాషవారైనా సరే. నడవలేని పెద్దలు ఎవరు, పసిపిల్లలు ఎవరు, డాబా తలుపు తీసి ఉంటుందా, మెట్లమీద సామాను అడ్డుందా. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వలేము. ఈ కాగితం ముందుగా తవ్వుకున్న బావి.

మరునాడు ఆ హారిస్ దగ్గరికి వెళ్లి పేరడిగాను. చెప్పి, నా పేరు తనకు ముందే తెలుసన్నాడు. తల వంచుకుని ఇంటికి వచ్చాను.