గూళ్ల చెట్టు కింద అహింస

ప్రాణిని గురించి ఎంత ఎక్కువ తెలిస్తే దానికి అంత మేలు జరుగుతుందన్న నమ్మకం మీద నేటి జీవశాస్త్ర విద్య నిలిచి ఉండగా, తెలుసుకోవడానికి వేసే అడుగు కిందనే ఒక ప్రాణం నలగవచ్చునన్న శంక మీద శ్రమణ సంప్రదాయాలు, అంటే వైదిక యజ్ఞమార్గానికి వెలుపల ఎదిగిన బౌద్ధ జైన మార్గాలు, తమ నడవడి నియమాలను ఏర్పరచుకున్నాయి. ఈ రెండు దృష్టులూ ఒకే చెట్టు కింద ఎదురుపడే ఊళ్లు శ్రీకాకుళం జిల్లాలో రెండు ఉన్నాయి. టెక్కలి మండలంలోని తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు జనం మసలే చోటనే చింతచెట్ల మీద ఏటా గూళ్లు కడతాయి. వాటిని చూసి, పోల్చుకొని, లెక్క రాసుకొని పోవడానికి కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులు క్షేత్ర పర్యటనగా వస్తుంటారు. గూడు కట్టిన పక్షిని లెక్కించడానికి దాని దగ్గరకు ఎంతవరకు పోవచ్చునన్నది పైకి పరిశోధన పద్ధతికి చెందిన ప్రశ్నలా కనిపించినా, నిజానికి అది ధర్మవిచారానికి చెందిన ప్రశ్న.

ముందుగా పక్షి సంగతి చూడాలి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసుకున్నప్పుడు కూడా పై దవడకు, కింది దవడకు నడుమ సన్నని సందు మిగిలి ఉంటుంది. ఆ సందు అడకత్తెర మాదిరిగా నత్తగుల్లను పగలగొట్టడానికని ఒకప్పుడు అనుకున్నారు గాని, తరువాతి పరిశీలనలు ఆ ఊహను తోసిపుచ్చాయి. పక్షి గుల్లను పగలగొట్టదు. కింది దవడ కొనను గుల్ల నోటిలోకి జొనిపి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండను తెంపి, మెత్తని దేహాన్ని మాత్రం బయటికి లాగుతుంది. గూటిలోని పిల్లలకు ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. ఆ కారణంగా గుంపులో పిల్లలెన్ని, పెద్దవెన్ని అని తేల్చదలచిన విద్యార్థి ముక్కును చూడాలి, ముక్కు కనిపించాలంటే మరి నాలుగడుగులు ముందుకు వేయాలి. కోరిక మంచిదే, ఎంతవరకు పోవచ్చునో అడగడం లేదన్నది ఒక్కటే లోపం.

లెక్క వేసే తీరులో కూడా ఇలాంటి ప్రలోభమే దాగి ఉంది. వందల పక్షులున్న గుంపును ఒక్కొక్కటిగా లెక్కించడం కుదరనప్పుడు, పదో యాభయ్యో పక్షులున్న ముక్కను కంటితో కొలిచి, అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చూసి హెచ్చవేస్తారు. ఆకుల మాటున కూర్చున్న పక్షులు ఈ లెక్కకు అందవు, గాలిలోకి లేచినవి చక్కగా అందుతాయి. అందువల్ల లేపితే లెక్క తేలికవుతుందన్న ఆలోచన ఎవరికైనా కలుగుతుంది. కాని గూళ్ల కాలంలో పెద్ద పక్షి లేచిన ప్రతి నిమిషానికీ పైన ఎవరో మూల్యం చెల్లిస్తారు. ఎండవేళ తల్లి గాని తండ్రి గాని రెక్కలు సగం విప్పి గూటి అంచున నిలబడి పిల్లలకు నీడ పడుతుంది. ఆ నీడ తొలగితే ఈకలు సరిగా మొలవని పిల్లలు వేడికి తాళలేవు. కాకులు అదను కోసం పక్క కొమ్మ మీదనే ఉంటాయి. బెదిరిన పిల్లలు అంచుకు జరిగి జారిపడడమూ కద్దు. చెట్టు కింద నిలిచి తలెత్తి చూసేవారికి ఇందులో ఏదీ కనిపించదు, కనిపించేది ఆకాశంలో తిరిగే అందమైన గుంపు మాత్రమే.

తెలియక జరిగిన కీడుకు బాధ్యత ఎవరిదన్న చర్చ ఈ నేలకు కొత్త కాదు. వంశధార దక్షిణపు గట్టున, కళింగపట్నానికి చేరువలో ఉన్న శాలిహుండం కొండ మీద స్తూపాలు, చైత్యాలు, విహారాల శిథిలాలు నేటికీ ఉన్నాయి. విహారం అంటే భిక్షువుల నివాసం, అందులో వారు తప్పనిసరిగా ఆగవలసిన కాలాన్ని వర్షావాసం అంటారు. ఈ నియమం ఎలా పుట్టిందో వినయపిటకంలోని మహావగ్గ చెబుతుంది. బౌద్ధ భిక్షువులు వానకాలంలోనూ ఊళ్లు తిరుగుతూ లేత గడ్డిని, చిన్న చిన్న ప్రాణులను తొక్కుతున్నారని జనం చిరాకుపడ్డారు. ఇతర మతాల సన్యాసులు ఆ నెలల్లో ఒకచోట ఉంటున్నారు, పక్షులు సైతం చెట్ల కొమ్మలలో గూళ్లు కట్టుకొని నిలకడగా ఉంటున్నాయి, వీరికి మాత్రం ఆ పాటి లేకపోయిందా అని ఎత్తిపొడిచారు. ఆ మాట బుద్ధుని చెవిన పడిన తరువాత వానకాలం ఒకచోట నిలవాలన్న కట్టడి వచ్చింది. తప్పు పట్టినది పండితులు కాదు, మామూలు జనం. వారు మేలుబంతిగా చూపినది గూడు కట్టిన పక్షిని. తేలుకుంచి కొంగలు గూళ్లకు పుల్లలు మోసే కాలమూ అదే వానకాలం.

ఇందులో తాత్త్వికులు గమనించవలసిన చిక్కు ఒకటి ఉంది. కర్మ అంటే చేతన, అంటే మనసులోని సంకల్పమేనని బౌద్ధం బోధిస్తుంది. ఆ లెక్కన, తొక్కాలన్న ఉద్దేశం లేని భిక్షువుకు దోషం అంటకూడదు. అయినా నియమం సంకల్పాన్ని విచారించకుండా పాదాలనే ఆపింది. జైనం ఈ చిక్కును మరింత సూటిగా విప్పింది. విజయనగరం జిల్లా రామతీర్థంలో రాముని కోవెలకు చేరువలో ఉన్న కొండలలో ఒకదాని మీద బౌద్ధ శిథిలాలు, మరొకదాని మీద జైన ప్రతిమలు ఉండడాన్నిబట్టి, ఈ రెండు బోధనలూ ఒకనాడు ఇక్కడ ఇరుగుపొరుగుగా వినిపించి ఉంటాయని ఊహించడం అసమంజసం కాదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ, ప్రమాదంతో, అంటే ఏమరుపాటుతో కూడిన ప్రవర్తన వల్ల ప్రాణానికి హాని కలగడమే హింస అన్నది. ద్వేషం ఉండనక్కరలేదు, అజాగ్రత్త చాలును. అందుకే జైన ముని నడిచేటప్పుడు తన ముందు నాలుగు మూరల నేలను చూసుకుంటూ నడవాలని ఈర్యాసమితి, అంటే నడకలో పాటించవలసిన జాగ్రత్త, ఆదేశిస్తుంది. ఈ నిర్వచనాన్నిబట్టి చూస్తే పక్షుల మీద ప్రేమతోనే వచ్చిన విద్యార్థి కూడా, తల పైకెత్తి గూళ్లను చూస్తూ చెట్టు మొదలు దాకా నడిచిపోతే, హింసకు దూరంగా ఉన్నాడని చెప్పడం కష్టం.

ఊరి జనం మాటకొస్తే, వారి నమ్మకాలు వేరు దారిలో నడుస్తాయి. పక్షులు సైబీరియా నుంచి వస్తాయని, అవి వస్తే వానలు, పంటలు బాగుంటాయని, రాకపోతే కరువని ఈ ఊళ్లలో తరచు వినిపిస్తుంది; పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులతో వాటిని పోల్చడం తెలుగునాట ఇలాంటి ఊళ్లన్నిటా ఉన్నదే. మొదట ఎవరు అన్నారో తెలియకుండా తరాల మీదుగా వచ్చే ఇలాంటి మాటను శాస్త్రకారులు ఐతిహ్యం అన్నారు. పౌరాణికులు దానిని వేరే ప్రమాణంగా, అంటే సరైన జ్ఞానానికి సాధనంగా అంగీకరించగా, నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించే తార్కికులు, దానిని శబ్దప్రమాణంలోనే, అంటే నమ్మదగినవారి మాటలోనే కలిపివేశారు. సైబీరియా మాట నిలవదు: గూడబాతు దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశాల పక్షి, నత్తగుల్ల కొంగ కూడా అంతే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాలికి కడియం తొడిగిన నత్తగుల్ల కొంగలు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దాకా దొరికిన దాఖలాలు ఉన్నాయి గనుక అవి దూరప్రయాణం చేస్తాయన్నది నిజమే, హిమాలయాలకు అవతలి నుంచి రావడం మాత్రం నిజం కాదు. నిజంగా సైబీరియా మంచుభూముల్లో పుట్టి ఇక్కడికి వచ్చేవి ఇదే జిల్లాలోని నౌపడ ఉప్పుమడుల బురదలో పరుగులు తీసే కర్లూ శాండ్‌పైపర్ వంటి చిన్న ఉల్లంకి జాతులు. పిడికెడంత ఉండే ఆ బూడిదరంగు పిట్టలను అతిథులని పిలిచిన ఊరు లేదు.

వాన మాట అలా కాదు. పక్షి వల్ల వాన రాదు. వానలు పడితే మడుల్లో, చెరువుల్లో నత్తలు, చేపలు పెరిగి, తిండి ఉన్నచోట పక్షి గూడు కడుతుంది. ఊరివారు కార్యాన్ని కారణంగా పొరబడ్డారని విద్యార్థి వెంటనే రాసుకోవచ్చు. కాని న్యాయశాస్త్రంలో పొగను చూసి నిప్పును ఊహించేవాడు, పొగ నిప్పును పుట్టించిందని అనడు. ఒకటి ఉన్నచోట రెండవది తప్పక ఉండడాన్ని వ్యాప్తి అంటారు, అనుమానానికి, అంటే కనిపించినదాన్నిబట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడానికి, అదే పునాది. పక్షి వచ్చిన ఏడు నీరు ఉన్నదన్న వ్యాప్తిని ఊరు తరతరాల పరిశీలనతో పట్టుకున్నది; శుభమన్న పేరుతో చెప్పినంత మాత్రాన ఆ పరిశీలన చెడిపోదు.

అయితే శుభం కోసం కాపాడడం స్వార్థమే గదా, అందులో అహింస ఏముందని ఆక్షేపణ రావచ్చు. ఆక్షేపణ బలమైనదే. తమిళనాడులోని వేడంతాంగల్‌లో పక్షి రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుందని రైతులు పక్షులను కాపాడుకున్నారు. అదే రాష్ట్రంలో వేట్టంగుడి చుట్టుపక్కల ఊళ్లవారు దీపావళికి టపాకాయలు మానుకున్నారు, ఈ మానుకోవడంలో మాత్రం లాభమేమీ కనిపించదు. నిష్కామమా సకామమా అన్న ప్రశ్నకు మనసులు వెదకి జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. చూడదగినది ఆచరణ: చేపలు తినే పక్షిని, తామూ చేపలు తినే జనం, తమ పెరటి చెట్టు మీద నెలల తరబడి సహిస్తున్నారు. రెట్టలు, వాసన, రాలిపడే చేపముక్కలు, తెల్లవార్లూ ముక్కుల టకటక శబ్దం, ఇవన్నీ ఆ సహనంలో ఉన్నాయి. భక్తి అంతా ఇలా ఉండదన్నదీ నిజం. కూర్మావతారానికి నెలవైన శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లను ఆలయ ప్రాంగణంలోనే పెంచుతారు. దైవరూపమన్న భావన అక్కడ ప్రాణిని చేరువకు తెచ్చుకున్నది, ఇక్కడ అతిథి అన్న భావన ప్రాణిని దాని కొమ్మ మీదనే ఉండనిచ్చింది. అడవి ప్రాణి పట్ల భక్తికి రెండవ తీరే మేలని చెప్పక తప్పదు.

ఇంతమాత్రాన లెక్క వద్దని, దండం పెట్టి దూరంగా నిలబడితే చాలునని అనడం పొరపాటు. 2021–22 శీతకాలంలో తేలినీలాపురంలో గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయినప్పుడు, పరీక్షించి చూడగా కడుపులో చేరిన నులిపురుగుల వంటి పరాన్నజీవులు కారణమని, అవి తిన్న చేపల ద్వారా వచ్చాయని తేలింది. చెట్టు మీద నుంచి పడుతున్న పక్షులను చూసి ఊరు బాధపడగలదు గాని, చెరువుకూ చావుకూ ఉన్న ముడిని విప్పడానికి కోత, సూక్ష్మదర్శిని, లెక్క కావలసి వచ్చాయి. 1946లో పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలోని ఆరేడు దగ్గర చూసిన గూడబాతుల కాలనీ 1970ల నడిమికి ఖాళీ అయిందని నేడు చెప్పగలుగుతున్నది కూడా, ఎవరో వెళ్లి రాసిపెట్టారు కాబట్టే. తెలియని దానిని కాపాడలేము. తెలుసుకునే తొందరలో దానినే చెరచకూడదు. ఈ రెండు మాటలనూ ఒకేసారి పట్టుకోవడంలోనే కష్టమంతా ఉంది.

ఇచ్ఛాపురానికి ఉత్తరాన, ఒడిశాలోని చిలికా సరస్సులో నలబణ ద్వీపం ఈ కష్టానికి ఒక దారి చూపుతుంది. 1987లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ 15.53 చదరపు కిలోమీటర్ల దిబ్బ వానకాలంలో నీట మునిగి, నీరు తీసిన తరువాత బురదనేలగా పైకి తేలుతుంది. శీతకాలంలో వలస పక్షులు మేతకు అక్కడ దిగుతాయి. చిలికా పక్షుల గణన ఏటా జనవరిలో, అంటే వచ్చిన పక్షులు కుదురుకొని ఇంకా తిరుగుప్రయాణం కట్టని రోజుల్లో జరుగుతుంది. అవి గూళ్లు కట్టడానికి రాలేదు, బెదిరితే గుడ్లు చెడవు; అయినా తిరుగు దారికి కావలసిన కొవ్వును ఆ బురదలోనే కూడబెట్టుకోవాలి గనుక, అనవసరంగా ఎగిరిన ప్రతిసారీ ఆ కూడికలో కొంత తరుగుతుంది. కాలాన్ని ఎన్నుకోవడం, దూరాన్ని ఎన్నుకోవడం, అవి రెండూ కుదరనప్పుడు లెక్కను వదులుకోవడం: వర్షావాసపు నియమంలోనూ సారం ఇంతకంటే వేరు కాదు.

వదులుకోవడమే విద్యార్థికి అన్నిటికన్నా కష్టం. నమోదు పత్రంలో గడి ఖాళీగా ఉంటే మార్కులు పోతాయన్న భయం అతన్ని చెట్టు మొదలు దాకా నడిపిస్తుంది. అందుచేత గణన పత్రంలోనే ‘లేవు’ అన్నదానికి ఒక గడి, ‘గూళ్లున్నందున దగ్గరకు పోలేదు’ అన్నదానికి మరొక గడి ఉండడం, రెండవ గడి నింపినవారికి మార్కులు తగ్గకపోవడం అవసరం. అభావం కూడా ఒక పదార్థమేనని, అంటే ఒక వస్తువు లేకపోవడం తెలుసుకోదగిన విషయమేనని నైయాయికులు ఎన్నడో వాదించారు. చూడకపోవడాన్ని లేకపోవడంగా రాయడం వారి దృష్టిలో జ్ఞానం కాదు, భ్రమ.

తేలుకుంచిలో కొంగపిల్లలు రెక్కలొచ్చి చెట్లు ఖాళీ చేసేసరికి డిసెంబరు అవుతుంది, గూళ్లు మాత్రం ఆ తరువాత కూడా కొన్నాళ్లు కొమ్మల్లో నిలిచి ఉంటాయి. గూళ్ల లెక్క కావలసిన అధ్యాపకులు అప్పుడు విద్యార్థులను చెట్టు కిందికి తీసుకుపోయి ఎంతసేపైనా లెక్కపెట్టించవచ్చు. అంతకుముందు వెళ్లవలసి వస్తే బాట మీద నుంచే దుర్భిణితో చూసి, ఎంతవరకు ఆగాలో ఊరివారిని అడగాలి.