అనుకున్న వేళ, అందే వేళ

అమెరికా నుంచి అబ్బాయి వస్తున్నాడని నడిగూడెంలో కారెక్కి, సూర్యాపేట మీదుగా శంషాబాద్ చేరాం. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు అక్కడికి మారినప్పటి నుంచీ మా ఊరి తల్లుల ఎదురుచూపులన్నీ అక్కడే!

తెర మీద ఒకే వరసలో రెండు టైములు. రావలసింది 3.30. రాబోయేది 5.10.

"ఎట్లాగూ లేటే గదా, ఆ పాత టైము తుడిచేస్తే పోలా?" అన్నారు మావారు విసుగ్గా.

తుడిచేస్తే ఇక ఆలస్యమన్నదే ఉండదు! ఇచ్చిన మాటనూ తప్పిన మాటనూ పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లు మనలో ఎందరున్నారు చెప్పండి? మా దర్జీని అడగండి, ఎప్పుడూ "రేపేనమ్మా" అంటాడు.

ఆ తెరకేమీ దివ్యదృష్టి లేదు. విమాన సంస్థ నుంచీ, ఆకాశంలో రాకపోకలు చూసేవాళ్ల నుంచీ కబురొస్తుంది. కంప్యూటరు దాన్ని తెరలన్నిటికీ పంపుతుంది. పూర్వం ఇటలీలోని సొలారి కంపెనీ బోర్డుల్లోనైతే అక్షరాల రేకులు టపటపా తిరిగేవి. ఇప్పుడు చప్పుడు లేకుండానే 5.10 కాస్తా 4.55 అయింది. అది అంచనా అని తెర ముందే ఒప్పుకుంది మరి!

చివరికి 'దిగింది' అని పడింది. దిగింది విమానమే. పాస్‌పోర్టు తనిఖీ, సామానూ అయ్యేసరికి ఇంకో గంట.

అబ్బాయి వచ్చాడు. నా వెనక్కి చూశాడు.

"నానమ్మ ఏదీ?"

అత్తయ్య తుంటి ఎముక విరిగి మంచాన పడి రెండు నెలలు. వీడియోలో ముఖం వరకే చూపించాం. దూరాన ఉన్నవాణ్ణి కంగారు పెట్టడమెందుకని! ఇక దాచలేక చెప్పేశాను.

"తెలిస్తే అప్పుడే వచ్చేవాణ్ణి గదమ్మా," అన్నాడు. అంతే.

ఆలస్యమని తెలిసినవాడు కాఫీ తాగుతాడు, కునుకు తీస్తాడు, లేదా ఇంటికి పోతాడు. ఏం చెయ్యాలో అతని ఇష్టం. నేను వాడికి తప్పించింది కంగారు కాదు, ఆ ఇష్టాన్ని.

తెరకు ప్రేమ లేదు గనక నిజం చెప్పగలిగిందంటారా? కావచ్చు. కానీ ప్రేమ ఉన్నవాళ్లం పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని మరీ చెప్పొచ్చు గదా!

ఇంటికి రాగానే అత్తయ్య మనవడి బుగ్గలు పుణికి, "వారంలో లేచి నడుస్తలే బిడ్డా," అంది.

"వారం కాదురా," అన్నాను. "డాక్టరు ఇంకో మూడు నెలలన్నాడు. అదీ అంచనాయే."