ఓడల్ని చెరిపేయకు, అల్లుడూ

అల్లుడూ,

భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఓ పెద్ద రిసార్టుకి యాడ్ తీసే పని నీకొచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. నీకంటే నేనే ఎక్కువ సంబరపడి ఉంటాను. తీరా నువ్వు పంపిన రిఫరెన్సు వీడియోలు చూస్తే ఆ సంబరం సగానికి దిగింది. ఒకటి మాల్దీవులది, ఒకటి గోవాది, మూడోది బాలిది కాబోలు. మూడింటిలోనూ లేతనీలం నీళ్లు, కొబ్బరాకు నీడలు, నీళ్లలో కుంకే సూర్యుడు, మనిషి జాడ లేని ఇసుక. ఇందులో మన విశాఖ ఎక్కడుందిరా? పెళ్లి వీడియోల దగ్గర్నించి ఫ్యాక్టరీ సేఫ్టీ సినిమాల దాకా ఇదే గాజువాకలో ఉండి తీసినవాణ్ని, నాలుగు మాటలు చెప్పనీ.

మన సముద్రంలో సూర్యుడు కుంకడు. ఈ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. స్క్రిప్టు రాసినాయనకి తెలిసినట్టు లేదు, మూడో సీనులో సూర్యాస్తమయం ముందు గ్లాసులు తాకించాడు. మనకి సాయంత్రం పొద్దు కొండల వెనక్కి పోతుంది. మనకున్న సొత్తు తెల్లవారుజాము. మే నెలలో ఐదున్నర కాకముందే సూర్యుడు పైకొస్తాడు, అంటే నాలుగున్నరకల్లా ట్రైపాడ్ ఇసుకలో దిగి ఉండాలి. గాజువాక నుంచి బయల్దేరి అందుకుంటానంటే కుదరదు, ముందు రాత్రే అక్కడ పడుకో.

ఇంకో చిక్కుంది. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే మన ముఖం ఆగ్నేయం వైపు ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు ఇంచుమించు ఎదురుగానే నీళ్లలోంచి లేస్తాడు. జూన్‌కల్లా బాగా ఎడమకి, తీరం వెంట భీమిలి వైపు జరిగిపోతాడు. చలికాలంలో లొకేషన్ చూసి, ఆ ఫ్రేము బోర్డు మీద గీసుకుని, ఎండాకాలంలో షూటింగు పెట్టుకుంటే ఆ ఫ్రేములో సూర్యుడే ఉండడు. బిల్డింగు ముఖభాగం కూడా పొద్దుటే వెలుగుతుంది. మూడు దాటితే దాని నీడ స్విమ్మింగ్ పూల్ మీద పడుతుంది. అయితే ఆ వేళకి ఎండ నీ వీపు వెనక ఉంటుంది గనక సముద్రం ముదురు నీలంగా కనిపిస్తుంది. నీలం కావాలంటే అప్పుడు తియ్యి, గ్రేడింగు టేబుల్ మీద పొయ్యకు.

రంగు గురించి మరొక్క మాట. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’ ఇక్కడే తీశారు, అదీ నలుపు తెలుపులో. ఆ సినిమా చూసి ఈ తీరం వెతుక్కుంటూ వచ్చినవాళ్లని నేనెరుగుదును. వాళ్లకెవరికీ నీలం రంగు చూపించలేదు.

ఇక అసలు సంగతి. దిగంతం మీద లంగరేసిన ఓడలున్నాయి, వాటిని ఏజెన్సీ వాళ్లు పోస్ట్ ప్రొడక్షన్‌లో చెరిపేయమన్నారని రాశావు. చెరపొద్దు. నువ్వు పుట్టిన ఊరికి అవెందుకు వస్తాయో ఆ ఏజెన్సీ వాళ్లకంటే నీకే బాగా తెలుసు. మన ఉక్కు ఫ్యాక్టరీకి కోకింగు బొగ్గు ఎక్కువగా ఓడల మీదే రావాలి. ఈ రేవులోకి 1933లో మొదట వచ్చిన ఓడ ‘జలదుర్గ’. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో కట్టిన మొదటి ఓడ ‘జల ఉష’ని 1948లో నెహ్రూ నీళ్లలోకి దింపింది మన సింధియా షిప్‌యార్డులోనే. మాల్దీవుల రిసార్టుకి ఎన్ని కోట్లు పెట్టినా ఈ వరస రాదు. రాత్రి ఎనిమిదింటికి గది బాల్కనీ లైటు ఆర్పించి కెమెరా పెట్టు. నల్లటి నీళ్ల మీద ఓడల దీపాలు బారులు తీరి ఉంటాయి. ఢిల్లీ నుంచి వచ్చిన చుట్టాలు మా ఇంట్లో చేపల పులుసు కూడా మరిచిపోయి ఆ దీపాల గురించే మాట్లాడారు. క్లయింటు కాదంటే రెండు వెర్షన్లూ తీసి పక్కపక్కన వేసి చూపించు. వాదించకు.

బెస్తవాళ్ల పడవలు కూడా కావాలన్నావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మర పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో సముద్రం మీద పడవలు కావాలంటే ఎక్కణ్నించి తెస్తావు? ఇంకో కాలంలో అయితే ముందు పేటకి వెళ్లి పెద్దల్ని అడుగు, రోజు కూలి మాట్లాడుకో, చెప్పులు విప్పి పడవెక్కు. హీరోకి లుంగీ కట్టి వల చేతికిచ్చే ఆలోచన మాత్రం మానుకో. వల పట్టిన చెయ్యి ఎవరిదో చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

“మా సొంత బీచ్” అన్న టైటిలు తీయించు. అలలు తాకే ఇసుక ఏ హోటలుదీ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. నటించిన తారకి కూడా అది తగలొచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు, క్లయింటుకి చెప్పడానికి నీకో ఆధారం ఉంటుందని.

జంటని నడుముల్లోతు నీళ్లలోకి పరిగెత్తించే షాటు నాకు అస్సలు నచ్చలేదు. ఆర్కే బీచ్‌లో, యారాడలో ఎందరు పిల్లలు కొట్టుకుపోయారో మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. పైకి మెత్తగా కనిపించే నీటి కింద లాగే ప్రవాహం ఉంటుంది. తడి ఇసుక మీద నడిపించు, ఈత పూల్‌లో పెట్టు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇదే ఒడ్డుకి వస్తాయి. ఆ తర్వాత గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురుని చూసి సముద్రం అనుకుని రోడ్డు వైపు పాకుతాయి. ఆ నెలల్లో రాత్రి పూట ఇసుక మీద పెద్ద లైట్లు వేయకు. అటవీశాఖ వాళ్లని ముందుగా కలిస్తే నీకే మేలు.

డ్రోను సంగతి తేలిగ్గా తీసుకోకు. మనది తూర్పు నౌకాదళం కూర్చున్న ఊరు, పక్కనే వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకున్నాకే ఆపరేటరుకి అడ్వాన్సు ఇవ్వు. ఎరుపులో ఉంటే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయడానికి లేదు.

అక్టోబరు, నవంబరు తేదీలు ఒప్పుకోకు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, అప్పుడు నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం మన మాట వింటుంది. అయినా వాన పడి షూటింగు ఆగితే కెమెరా అద్దె, యూనిట్ భోజనాలు ఎవరి ఖాతాలో పడతాయో కాగితం మీద రాయించుకో. సగం డబ్బు చేతికొచ్చాకే లెన్సులు బుక్ చెయ్యి. ఆ ఒప్పందం సంతకానికి ముందు నాకోసారి పంపు, చదివి పెడతాను.

మీ మావయ్య