ఎఱుకను హరించు పానము

ఇష్టలింగమును కరతలమున నిలిపి, దృష్టిని దానియందే లగ్నము చేయుట వీరశైవుని నిత్యకృత్యము. ఆ పూజకు కావలసిన ప్రథమ ద్రవ్యము పత్రియు కాదు, పుష్పమును కాదు, చెదరని ఎఱుక. మద్యము హరించునది ఆ ఎఱుకనే. అట్లయిన, త్రాగి ఒడలు మరచినవాడు చేసిన తప్పునకు బాధ్యుడెవరు?

మెదడులోని కణములను ఉత్తేజపరచు రసాయనము గ్లుటమేట్, శాంతపరచునది గాబా. మద్యము మొదటిదాని పనిని అణచి, రెండవదానికి బలమిచ్చును. తొలుత అవధానము సడలును. సిరిసిల్ల సాంచాలపై తెగిన పోగును కనిపెట్టవలసిన కన్ను ఆలస్యముగా కనిపెట్టును, కాయకము చెడును. మోతాదు మించినచో, జ్ఞాపకములను కూర్చు హిప్పోక్యాంపస్ అను భాగము పని తప్పును. రాత్రి ఆలిని కొట్టినవాడు ఉదయమున ఎఱుగననుట బొంకు కాకపోవచ్చును. ఆ జ్ఞాపకము మెదడున నిలువనే లేదు. అయినను బాధ్యత తొలగదు. మొదటి గ్రుక్క ఎఱుకతోనే త్రాగెను గదా!

అయితే వ్యసనము ముదిరినవాని సంగతి వేరు. తెలంగాణమున కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుట పలుమారులు బయటపడిన నేరము. ఇవియు గాబా మార్గముననే పనిచేయును. 2015లో కల్తీ కల్లుపై కట్టడి జరిగినప్పుడు, జగిత్యాల, కోరుట్లలకు పొరుగుననున్న నిజామాబాదు ప్రాంతమున పలువురు వణుకు, మూర్ఛ, మతిభ్రమలతో ఆసుపత్రులకు చేరిరి. అలవాటుపడిన మెదడునకు ఆకస్మిక విరామము ప్రాణాంతకము కాగలదు.

కావున గురుసన్నిధిని ‘నేటినుండి మానితిని’ అని ప్రతిన పూనువానికి విభూతి నిచ్చి పంపుట చాలదు. మఠము వానిని వైద్యునికడకు చేర్పవలెను; క్రమముగా మాన్పించుట వైద్యుని పని, విడువక తోడుండుట కుటుంబము పని. మానిన పిమ్మట పలువురిలో అవధానమును, జ్ఞాపకమును కొంతకుకొంత మరలివచ్చును.

బసవేశ్వరుని కాలపు శరణులలో హెండద మారయ్య కలడు. హెండమనగా కన్నడమున కల్లు, అతడు కల్లమ్మినవాడు. శరణులు అతని వృత్తిని చూచి వాకిలి మూయలేదు, అతనిని తమవానిగా గైకొనిరి. త్రాగుడును ద్వేషింపవలెను, త్రాగుబోతును కాదు. తప్పును తప్పనుట ధర్మము. తప్పినవానిని చేయిపట్టి లేపుట దయ. ఈ రెంటిలో ఒకటి లోపించినను అది శరణమార్గము కానేరదు.