పతకమూ, పసితనమూ

పోటీ క్రీడల్లో పిల్లలను పెంచే తల్లిదండ్రులకు ఈనాడు నలుదిక్కులనుండీ ఒకటే సలహా వినవస్తున్నది: కష్టమూ వుండాలి, సరదా కూడా వుండాలి, రెంటినీ సమపాళ్లలో కలపండి అని. పచ్చడిలో ఉప్పూ కారమూ కలిపినంత సులభంగా చెప్పే ఈ సలహాలో ఒక తప్పు భావం దాగి వున్నది. కష్టం చేదుమాత్ర, ఆనందం దానిమీద పూసిన బెల్లం అన్న భావమది. చెడుగుడు ఆడే పిల్లలను ఒక్క సాయంత్రం గమనించినవారెవరూ దీనిని ఒప్పుకోరు. మోకాళ్లు కొట్టుకుపోతాయి, గొంతు బొంగురుపోతుంది, తల్లి గుమ్మంలో నిలబడి నాలుగు కేకలు వేసినా కదలరు. వాళ్లు పడే శ్రమ తక్కువదేమీ కాదు. ఆ శ్రమలోనే వాళ్ల ఆనందం వున్నది.

కాబట్టి ఎన్ని గంటల కష్టానికి ఎన్ని గంటల సరదా అన్న లెక్క మనలను ఎక్కడికీ తీసుకుపోదు. అడగవలసింది వేరొకటి: ఆ శ్రమ ఎవరిది? "ఇవాళ నేను ఆడను" అనే హక్కు ఆ పిల్లకు వున్నదా?

మార్క్సు 1844 నాటి రాతప్రతుల్లో పరాయీకరణను వివరిస్తూ, కార్మికునికి తాను చేసిన వస్తువే కాక తాను చేసే పని కూడా పరాయిదైపోతుందని చూపించాడు. ఈ విశ్లేషణను ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపివేయనక్కరలేదు. టెన్నిస్ క్రీడాకారుడు ఆండ్రీ అగస్సీ తండ్రి 1948, 1952 ఒలింపిక్సులలో ఇరాన్ తరఫున బాక్సింగులో పాల్గొని, తరువాత అమెరికాకు వలసపోయినవాడు. లాస్ వేగాస్‌లో ఇంటి పెరట్లో కోర్టు వేసి, బంతులు విసిరే యంత్రమొకటి సిద్ధంచేసి, ఏడేళ్ల కొడుకును దాని ఎదుట నిలబెట్టాడు. రోజుకు రెండువేల ఐదువందల బంతులు కొట్టాలని నియమం. సంవత్సరం తిరిగేసరికి దాదాపు పదిలక్షలు! పిల్లవాడు ఆ యంత్రానికి డ్రాగన్ అని పేరు పెట్టుకున్నాడు. పెద్దవాడై ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచి, 2009లో వెలువడిన ఆత్మకథలో, తనకు టెన్నిస్ అంటే అసహ్యమని రాశాడు. ఇది విజయగాథ కాదని ఎవరనగలరు? కాని పనినీ, పనిచేసేవానినీ విడదీస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఆర్థికశాస్త్ర గ్రంథాల్లో వెతికినా దొరకదు.

2016లో రియోలో పి.వి. సింధు రజతం గెలిచిన తరువాత, మూడు నెలలుగా ఆమెకు ఫోను లేదనీ, ఐస్‌క్రీము కూడా తిననివ్వలేదనీ గురువు పుల్లెల గోపీచంద్ చెప్పినప్పుడు దేశమంతా ముచ్చటపడింది. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. అప్పటికి సింధు ఇరవయ్యొక్కేళ్ల యువతి. ఆ నియమం ఒప్పుకోవడమా మానడమా తేల్చుకోగల వయస్సు ఆమెది. అదే కథను ఎనిమిదేళ్ల పిల్లకు నీతిపాఠంగా వినిపించినప్పుడు సంగతి మారిపోతుంది. పెద్దలు తమకు తాము పెట్టుకున్న దీక్ష పిల్లలకు శిక్షగా పరిణమిస్తుంది.

ఇదంతా పెట్టుబడిదారీ సమాజపు రోగమని చెప్పి తప్పుకోవడం మన పాఠకులలో కొందరికి సులభంగా తోచవచ్చు. చరిత్ర అందుకు ఒప్పుకోదు. తూర్పు జర్మనీలో 1974నుండి ప్రభుత్వ పథకం ప్రకారమే క్రీడాకారులకు ఉత్ప్రేరక మందులిచ్చారు. చిన్న వయస్సు ఈతగత్తెలకు విటమిన్లని చెప్పి హార్మోను మాత్రలు మింగించారు. ఆనాటి క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను 2000లో బెర్లిన్ న్యాయస్థానం దోషిగా నిర్ణయించింది. పిల్ల శ్రమమీద తండ్రి పెత్తనం పోయి రాజ్యం పెత్తనం వచ్చింది, అంతే. సోషలిజం పేర జరిగింది కనుక దీనిని గూర్చి గొంతు తగ్గించి మాట్లాడేవారు, పిల్లలను గూర్చి మాట్లాడే అర్హత పోగొట్టుకుంటారు.

నార్వేలో క్రీడాసంఘాల సమాఖ్య మరొక దారి తొక్కింది. పదకొండేళ్లు నిండకముందు పోటీల్లో ఫలితాల పట్టికలూ, ర్యాంకులూ వుండరాదు. పదమూడేళ్లు రాకముందు జాతీయస్థాయి పోటీలు వుండరాదు. 2018 శీతాకాల ఒలింపిక్సులో ఆ చిన్న దేశం 39 పతకాలతో అగ్రస్థానంలో నిలిచింది. మన పత్రికలు ఈ రెంటినీ జోడించి, పిల్లలను ఆడుకోనివ్వండి, పతకాలు అవే వస్తాయి అని రాస్తాయి. నాకు ఈ వాదం నచ్చదు. పతకాలు రాకపోతే ఆడుకోనివ్వనక్కరలేదని దీని అర్థమా?

అసలు చిక్కు ఇక్కడ కాదు, పేదరికం దగ్గర వున్నది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటనుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచుపతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. అటువంటి పల్లెలనుండి వచ్చే పిల్లలకు ఆట ఒక వినోదం కాదు. రైల్వేలోనో పోలీసుశాఖలోనో ఉద్యోగానికి దారి. "సరదాగా ఆడుకో, గెలుపు ముఖ్యం కాదు" అని వాళ్లకు బోధించడం కడుపు నిండినవాని మాట. ధనవంతులైతే తప్ప పిల్లలను క్రీడల్లో పెట్టవద్దని 2025లో సాక్షాత్తు గోపీచందే తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. అంతటి శిక్షకుడే ఆ మాట అనవలసివచ్చిందంటే, ఓడినవానికి మన వ్యవస్థలో దిక్కు లేదని ఒప్పుకోవడమే.

ఒరిస్సాలో 2006 మే 2న బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లవాడు పూరీనుండి భువనేశ్వర్ దారిలో 65 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఏడు గంటలు పట్టింది. ప్రభుత్వం అటువంటి పరుగులు నిషేధించింది. మంచిపనే. కాని ఆ పిల్లవాని తల్లి ఇళ్లల్లో పాచిపని చేసుకునే మనిషి. తిండీ నీడా ఇచ్చినవాడు ఆ శిక్షకుడే. "నేను పరుగెత్తను" అనే హక్కు ఆ పిల్లవానికి కాగితంమీద వున్నంత మాత్రాన ఏం లాభం? అన్నం పరుగుతో ముడిపడి వున్నది.

ఆ ముడి విప్పడం గాలిలో మేడ కాదు. క్రీడా పాఠశాలల్లో చేరిన పిల్లకు చదువు కుంటుపడకుండా చూడాలి. పద్నాలుగో యేట మోకాలు దెబ్బతిన్నా, మనస్సు విరిగినా, మామూలు బడిలో తన తరగతిలోనే కూర్చోగలగాలి. ఉపకార వేతనం పతకాన్నిబట్టి కాక అవసరాన్నిబట్టి ఇవ్వాలి. ఆట మానినా చదువు పూర్తయ్యేదాకా సాగాలి. ఆటస్థలం లేని కళాశాలకు గుర్తింపు ఇవ్వరాదు. ఈ కోర్కెలను ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ తమ మహాసభల తీర్మానాల్లో చేర్చుకోవడానికి అడ్డేమీ కనబడదు.